రోజుకొక్క బాధ

బడిలో ప్రార్థన జరుగుతుండగా ఫోనొచ్చింది. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో బతుకంతా గడిపిన మా మేనత్త తెల్లారుజామున పోయిందట. పిల్లలంతా చూస్తుండగానే వరండాలో కూలబడి ఏడ్చాను.

ఆవిడ నాకు చేసిన మేలు చెప్పాలంటే, ముందు నా తప్పు చెప్పుకోవాలి. టీచరుద్యోగం వచ్చిన కొత్తలో పాఠాలకంటే ఫోన్లో ఎక్కించాల్సిన ఫొటోలూ లెక్కలే ఎక్కువగా ఉండేవి. ఆ చిరాకంతా ఇంటికి మోసుకెళ్ళేదాన్ని. ఒకరోజు పాలు ఒలకబోసిందని నా ఆరేళ్ళ కూతుర్ని కొట్టాను. చెంప మీద నా వేళ్ళు తేలాయి. ఆ ఆదివారమే అత్త దగ్గరికి పరుగెత్తాను.

అత్త ఓదార్చలేదు. మడికి తీసుకెళ్ళి, ఉప్పు లాగే చెక్క పలక చేతికిచ్చింది. నీళ్ళమీద తెల్లగా ఉప్పు పొర కనిపించేసరికి గబగబా లాగాను. ఉప్పుతోపాటు నల్లటి బురద లేచింది.

"ఒసే, పొర గట్టిపడకుండా ఏటా తొందర? ఇప్పుడు లాగితే బురదే వస్తాది."

"మనసు కూడా అంతేనంటావా అత్తా?"

"మనసూ గినసూ నాకేటి తెల్సు! ఇంటికెళ్ళగానే కాళ్ళు కడుక్కో, గళాసుడు సోడంబలి తాగు. అప్పుడు పిల్లనేటనాలో అను."

ఆ రాగి అంబలి తాగాక అనడానికి ఏమీ మిగిలేది కాదు. నా చెయ్యి మళ్ళీ పిల్ల మీదికి లేవలేదు.

ఇంకో అలవాటు కూడా ఆవిడ చేసిందే. రోజూ సాయంత్రం బస్సులోంచి ఫోన్ చేసేదాన్ని. "రోజుకొక్క బాదే సెప్పు. రొండోది రేపటికుంచు," అనేది. మర్నాటికి ఆ రెండోది సగంసార్లు గుర్తే ఉండేది కాదు. పెట్టేసేముందు "నువ్వెలా ఉన్నావత్తా?" అంటే, "నాకేటే, రాయిలాగున్నాను," అనేది. నేనూ నమ్మేదాన్ని. నిజానికి అప్పటికే నా స్టాపు వచ్చేసేది, దిగే హడావిడిలో ఉండేదాన్ని.

పెద్దకర్మనాడు పక్కింటావిడ చెప్పింది. అత్తకి కిడ్నీలు పాడయ్యాయని ఏడాదిగా తెలుసట. నాకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకుందట.

"నీ ఫోనయ్యాక మీ అత్త ఎంటనే కూడు ముట్టీది కాదమ్మా. కాళ్ళు వాసిపోయున్నా మడిగట్టెమ్మట నడిసొచ్చీది. ఏటే అంటే, 'పిల్ల గోడు దించుకొస్తన్నాను' అనీది."

ఆవిడ గోడు ఎవరు విన్నారు? ఏడాదిపాటు రోజూ మాట్లాడి, ఆ గొంతులో నీరసాన్ని నేను వినలేదు. ఈ సిగ్గు నన్నొదలదు.

భోజనాలయ్యాక ఒక్కదాన్నే గట్టు దగ్గరికెళ్ళాను. రెండు పక్కలా గడ్డి దుబ్బుగా పెరిగి ఉంది. మధ్యలో మాత్రం ఒక్క మనిషి నడిచేంత సన్నటి దారి, గడ్డిపరక లేకుండా అరిగిపోయి, మడి చివరిదాకా ఉంది.