కందకుర్తి నుంచి వెనక్కి చూడకుండా

బోధన్‌లో మా ఇంటి నుంచి కాలువకట్ట ఎక్కి, రెంజల్ మీదుగా కందకుర్తి పోయి, గోదావరిలో మంజీర కలిసే చోట కాసేపు కూర్చుని, నది ఒడ్డు బాటన వేరే ఊళ్ల మీదుగా ఇల్లు చేరడం నాకూ మా అక్కకూ ఆదివారాల అలవాటు. దారిలో ఎక్కడా ఎత్తు లేదు, దిగుడు లేదు. షుగర్ ఉంది కాబట్టి వ్యాయామం చెయ్యమని డాక్టరు అక్కకు చెప్పాడు. సైకిల్ తొక్కింది మాత్రం నేను. అక్క మోకాళ్ల నొప్పులని చెప్పి వెనక క్యారియర్ మీద ఎక్కి కూర్చుని, "జర జల్ది తొక్కు, ఎండెక్కుతది" అని హుకుం జారీ చేసేది. యాభై దాటిన టీచరమ్మ ఇంకో ఆడమనిషిని ఎక్కించుకుని సైకిల్ తొక్కుతుంటే కట్ట మీద రైతులు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, వాళ్ల పళ్లే కదా కనబడేది అనుకునేదాన్ని.

అక్క భర్త పెళ్లయిన కొన్నేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. నేను పెళ్లి జోలికే పోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లు పోట్లాడుకుంటూ బతికాం. చచ్చినోళ్ల కళ్లు చారెడంటారు గానీ నేనట్లా అనను. మా అక్క మహా మొండిది. చాయ్‌లో చక్కెర వద్దంటే నా ముందు చప్పటి చాయ్ తాగి, నేను బడికి పోగానే ఇంకో గ్లాసు చేసుకునేది. చెరుకు పండే ఊళ్లో పుట్టి చక్కెర మానాల్నా అని ఎదురు ప్రశ్న.

ఆ బుధవారం పొద్దున చెప్పులేసుకుని బయటికి వచ్చినదాన్ని, పర్సు మరిచిపోయి మళ్లీ లోపలికి పోయాను. అక్క చేతిలో గ్లాసు, పక్కన మూత తీసిన చక్కెర డబ్బా. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "తాగు. తాగి సావు. నాకేంది" అన్నాను. అని సైకిలెక్కాను. మా దిక్కున గడప దాటేవాళ్లు 'పోత' అని ఊరుకోరు, 'పోయొస్త' అనాలి. ఇంట్లో ఉన్నవాళ్లు 'పోయిరా' అనాలి. అక్క ఎంత కోపంలో ఉన్నా గేటు దాకా వచ్చి ఆ మాట అనేది. ఆ రోజు నేను అనలేదు, తనను అననియ్యలేదు. మధ్యాహ్నం ఆరో పీరియడ్ నడుస్తుంటే పక్కింటి అవ్వ ఫోన్ చేయించింది. గుండె ఆగిందన్నారు. చాయ్ వల్ల కాదని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. నేను దేనికి ఏడుస్తున్నానో ఆయనకేం తెలుసు.

మూడో రోజు బూడిద ఎత్తినంక, మా పెదనాన్న కొడుకు తను తీసుకుపోయి నదిలో కలుపుతానన్నాడు. నేనే పోతానన్నాను. ఆడోళ్లు పోరని అన్నాడు. ఇన్నేండ్లు దాన్ని మోసింది నేను, ఇప్పుడు నువ్వెక్కడి నుంచి ఊడిపడ్డవు అన్నాను. ఆటోవాళ్లను అడిగితే ఒక్కడూ ఒప్పుకోలేదు. సరే పొమ్మని, మూతికి తెల్లగుడ్డ కట్టిన కుండను సైకిల్ బుట్టలో పెట్టాను. పక్కింటి అవ్వ అటువంటివన్నీ తెలిసిన మనిషి. గేటు కాడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"బిడ్డా, పోయిన తొవ్వల రావద్దు. కలిపినంక ఎనుకకు సూడొద్దు. పోయొస్త అనొద్దు. అంటే అది నీ ఎంటే వస్తది. దానికీ నిమ్మలముండదు, నీకూ ఉండదు."

కార్తీకమాసం, పొగమంచు. కాలువలో నీళ్లు వదిలారు గానీ కనబడవు, చప్పుడు మాత్రం పక్కనే వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి అంతా వరే అయింది. అక్కడక్కడా మిగిలిన చెరుకు మడి మంచులోంచి ఒక్కసారిగా మీదికొచ్చేది. కుండ ఏమంత బరువు లేదు. అంత పెద్ద మనిషి ఇంతేనా అనిపించింది.

కందకుర్తిలో రెండు నదులూ ఎక్కడ కలిశాయో ఆ పొద్దు తెలియలేదు. ఒడ్డూ నీళ్లూ మంచూ అంతా ఒకటే తెలుపు. పడవాయన నన్ను నడిమిట్లోకి తీసుకుపోయి ఆపాడు. కుండ వంచాను. బూడిద కొంచెంసేపు నీళ్ల మీద అట్లాగే నిలిచింది, తర్వాత లేదు. ఒడ్డుకొచ్చి స్నానం చేసి, తడి చీరతోనే సైకిల్ స్టాండు తీశాను. కాలు పెడల్ మీద పెట్టగానే, ఇరవై ఏళ్ల అలవాటు కదా, నోరు దానంతటదే అనేసింది.

"పోయొస్త అక్కా."

పడవాయన గడ తియ్యడం ఆపాడు. "ఏమంటివమ్మా? అయ్యో, గట్ల అంటరా?"

నేను వెనక్కి చూడలేదు. తొక్కాను.

నది ఒడ్డు బాట ఎక్కేసరికి సైకిల్ బరువెక్కింది. అబద్ధం చెప్పడం లేదు. ఆ బరువు నా కాళ్లకు తెలుసు. గతుకు వచ్చినప్పుడు క్యారియర్ స్ప్రింగు ఖాళీగా ఉంటే ఎగిరి టపటపమంటుంది. ఆ రోజు కిర్రుమని కిందికి దిగుతోంది. టైరు దిగిపోయిందేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చూడాలంటే వెనక్కి తిరగాలి. తిరగొద్దు! దిగి, మొహం ముందుకే పెట్టుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపి తడిమాను. టైరు రాయిలా ఉంది. చెయ్యి ఇంకొంచెం పైకి పోతే క్యారియర్ తగులుతుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఆ తర్వాత ఎంత దూరమో తెలియదు, ఊపిరి బిగబట్టి తొక్కాను. ఒక చెరుకు మడి పక్కన ఎవరో ఆమె గడ్డికోస్తూ తలెత్తింది. మంచులో ఆమె మొహం నాకు కనబడలేదు, గొంతు మాత్రం ఎప్పుడూ పలకరించే గొంతే.

"ఏం టీచరమ్మా, పొద్దుగాలనే అక్కచెల్లెండ్లు ఎటు పోయి వస్తుండ్రు?"

ఆమెకు అక్క పోయిన సంగతి తెలియదు. మంచులో సైకిల్ చూసి అలవాటు కొద్దీ అన్నది, అంతే. అంతేనా? ఆగి అడగొచ్చు. వెనకాల ఎవరన్నా కనబడుతున్నారా అని ఒక్క మాట. "గీడికే" అని గొణిగి, తొక్కాను.

ఊరికి అవతలి దిక్కునున్న ఇంకో కాలువకట్ట ఎక్కేసరికి నాకు భయం ఒక్కటే కాదు, ఇంకోటి కూడా మొదలైంది. సిగ్గు విడిచి చెప్తున్నాను: సంతోషం. వచ్చిందేమో. నేను సావుమన్న మాట పట్టుకోకుండా నా వెంట వచ్చిందేమో. ఉన్నవా అక్కా అని అడగాలని గొంతు దాకా వచ్చింది. ఊఁ అంటే పడి చస్తాను. అనకపోతే? అది ఇంకా కష్టం. అడగలేదు. బరువునట్లే మోసుకుంటూ, ఎప్పటిలాగే గతుకులు తప్పిస్తూ, నిమ్మలంగా తొక్కాను. నడుం పట్టుకుంటుందేమోనని ఎదురుచూశాను కూడా.

మా గల్లీలోకి తిరిగేసరికి ఎండొచ్చింది. గేటు కాడ పక్కింటి అవ్వ పసుపునీళ్ల బకెటు, వేపమండ పట్టుకుని నిలబడి ఉంది. వెనక మా చుట్టాలు నలుగురైదుగురు. నేను దిగి, సైకిల్ పట్టుకుని, గేటు బయటనే ఆగిపోయాను.

"ఎనుకకు సూసినవా?"

"లేదు."

"మరి ఏమన్న అన్నవా?"

అనలేదంటే అయిపోయేది. అన్నానంటే ఆ వేపమండతో కొట్టి, ఏదో చదివించి, అక్కను పంపించేస్తారు. కానీ ఆ అవ్వ ముందు అబద్ధం నిలవదు.

"అన్న అవ్వా. పోయొస్త అన్న."

చుట్టాల్లో ఎవరో అయ్యో అన్నారు. పెదనాన్న కొడుకు, ఆడోళ్లను పంపితే గిట్లనే అయితదని అందుకున్నాడు. అవ్వ చేసైగతోనే వాడి నోరు మూయించి, నా దగ్గరికొచ్చి, చాలా మెల్లగా అడిగింది.

"మరి అది ఏమన్నది?"

నేను గుర్తు తెచ్చుకున్నాను. నది కాడ, ఒడ్డున, చెరుకు పక్కన, కట్ట మీద. అంత తొవ్వ. మా అక్క అంతసేపు మాట్లాడకుండా క్యారియర్ మీద ఏనాడూ కూర్చోలేదు. జల్ది తొక్కుమని అనలేదు. గతుకు పడ్డందుకు నన్ను తిట్టలేదు.

"ఏమన్లే అవ్వా" అన్నాను. "ఒక్క మాటన్లే."

"అయితే పోయింది బిడ్డా" అన్నది అవ్వ.

అప్పుడు నేను వెనక్కి తిరిగాను. ఎవరూ వద్దనలేదు. ఎండలో గల్లీ మూల దాకా ఖాళీగా ఉంది. క్యారియర్ మీద చెయ్యి పెట్టాను. పొద్దుటి నుంచి మంచులో తిరిగొచ్చింది కదా, ఇనుము తడిగా, చల్లగా ఉంది.