బ్లైబెన్ నేర్పిన టీచరమ్మ

మా ఎదురింటి జర్మన్ టీచరమ్మ మంగళవారం పొద్దున కన్నుమూసింది. ప్రియులారా, ఇది రాస్తూ కూడా నేను దేవునితో పోట్లాడుతూనే ఉన్నాను. పక్షవాతంతో మంచం పట్టిన నా భార్య గదిలో ఒంటరిగా ఉంటే ఊపిరాడనట్టు గిలగిలలాడుతుంది. నేను పులివెందులకో కొండాపురానికో వాక్యం చెప్పడానికి పోతే, ఆమెకు తోడుండింది టీచరమ్మ ఒక్కతే.

జర్మనీలో వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా చేసి వచ్చి, జమ్మలమడుగులో ఆ దేశం పోబోయే నర్సు పిల్లలకు ఆ భాష చెప్పేది. నా భార్య కోసం క్లాసునే ఆమె మంచం పక్కకు మార్చేసింది. విమానం ఎక్కబోయే పిల్లలు 'పోవడం' అనే మాట ముందు చెప్పమంటే ఒప్పుకునేది కాదు.

"ముందు ఇది నేర్చుకోండి మే. బ్లైబెన్ అంటే పోకుండా ఉండడం. ఫోను పెట్టేయొద్దు, ఉండు అనాలంటే 'బ్లైబ్ డ్రాన్'. పెద్దాయన లేవబోతే 'బ్లైబెన్ జీ జిట్సెన్', కూర్చోనే ఉండండి అని. పొయ్యొస్తామనేటప్పుడు 'బ్లైబ్ గెజుండ్', ఆరోగ్యంగా ఉండు అని. ఆ దేశంలో ముసిలోళ్లు మందులడగరు. చెయ్యి పట్టుకోని 'బ్లైబెన్', పోకుండా ఉండమనే అంటారు."

ఒకసారి నా భార్య భయంతో వణికిపోతుంటే నేను గొంతెత్తి సైతానును గద్దించాను. టీచరమ్మ పరుగున వచ్చింది.

"ఏందప్పా ఆ అరుపు? దేవునికేమన్నా చెముడా? సైతాను యాడ పోయినాడో గానీ, వీధిలో కుక్కలు పారిపోతాండాయి!"

వంకరపోయిన మూతితోనే నా భార్య నవ్వింది. టీచరమ్మ ఇంకేమీ మాట్లాడకుండా నేల మీద కూర్చుంది. కష్టాల్లో ఉన్న యోబు పక్కన ఆయన స్నేహితులు నోరు తెరవకముందు ఏడు రోజులు చేసిన మంచి పని అదే కదా!

టీచరమ్మ భూస్థాపన రోజు వాక్యం నన్నే చెప్పమన్నారు. బైబిలు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను.

"ఈడ... ఎవరుంటారు?" అంది నా భార్య ముద్దముద్దగా.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా శిష్యులను అడిగింది తోడుండమనే. వాళ్లు నిద్రపోయారు. వాక్యం ఇంకెవరితోనైనా చెప్పించమని కబురు పంపి, ఆమెను చక్రాల కుర్చీలో గడప దాకా తోసుకొచ్చాను.

ఎత్తిన శవపెట్టెను సమాధుల తోట చేరేదాకా నేల మీద పెట్టడం మా ఆచారంలో లేదు. మా ఇంటి ముందు మోసేవాళ్లు దాన్ని భుజాల మీది నుంచి చేతుల్లోకి తీసుకుని ఆమెకు అందేలా వంగారు. నా భార్య మంచి చెయ్యి చాచి చెక్క మీద వేసింది. తీయలేదు. ఎండ మాడ్చేస్తోంది. పాట ఆగిపోయింది. బరువుకు మోసేవాళ్ల చేతులు లాగేస్తున్నాయి. పోదామని ఎవరూ అనలేదు.