గరిటె పట్టిన అరబ్బీ నిపుణురాలు

గుడివాడ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ పీహెచ్‌డీలో చేరాను. ఆన్‌లైన్ చదువుల గురించి జనం ఏమనుకుంటున్నారో అరబ్బీ సోషల్ మీడియా పోస్టుల్లోంచి తేల్చాలి. నాకు అరబ్బీ రాదు. మా గైడ్‌గారికీ రాదు.

"తెలుగులో చేస్తే ఎవరు చూస్తారండీ? అరబ్బీ అయితే ఆ దర్జాయే వేరు," అన్నారాయన.

మా కాలేజీ పిల్లలు సిగ్నల్ కోసం డాబాలెక్కి పాఠాలు విన్న రోజుల్లో వాళ్ల అభిప్రాయం ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

పోస్టులన్నీ అనువాదం యాప్‌లో వేశాను. పొగడ్త కనిపిస్తే 'అనుకూలం', తిట్టు కనిపిస్తే 'ప్రతికూలం' అని గుర్తుపెట్టాను. అరబ్బు దేశాలన్నీ ఆన్‌లైన్ చదువుకి హారతి పడుతున్నట్టు తేలింది. గైడ్‌గారు పొంగిపోయారు.

ఒక మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో భోంచేస్తూ, ఒక పోస్టును ఫోను చేత అరబ్బీలోనే పైకి చదివించాను. వడ్డిస్తున్న వంటావిడ ఫక్కున నవ్వారు. ఆవిడది అవనిగడ్డ. కువైట్‌లో ఒకరింట్లో పదకొండేళ్లు వంట చేసి వచ్చారు.

"ఏంటి పిన్నిగారూ, నవ్వుతున్నారు?"

"ఎవరో గానీ భలే ఎత్తిపొడిచిందండీ!"

"ఎత్తిపొడుపా? 'మాషా అల్లా, ఏం చదువు!' అని మెచ్చుకుంటుంటేనూ?"

"మెచ్చుకోవడమేంటి సార్! నేను కూర మాడ్చినప్పుడల్లా మా మేడమ్ మాషా అల్లా అనేదండీ. వీళ్ల పిల్లోడు గంటసేపూ ఫోన్లో నోరు తెరిచినట్టే ఆగిపోయిన టీచరమ్మ బొమ్మే చూశాడంట."

చెయ్యి ఎండిపోయేదాకా పోస్టులు వినిపిస్తూనే ఉన్నాను. ఆవిడకు అరబ్బీలో అక్షరం ముక్క చదవడం రాదు. కానీ వింటూనే "ఇది వెటకారం", "ఇది ఏడుపు" అని తేల్చేస్తున్నారు. ఒకచోట మాత్రం గరిటె దించి, "ఈయన మాత్రం మనసారా అంటున్నాడండీ. నడవలేని కూతురు మంచం మీంచే చదువుకుంటోందంట," అన్నారు.

సెలవులన్నీ ఆవిడ పక్కన కూర్చుని గుర్తులు మార్చాను. హారతులు చాలావరకు ఆరిపోయాయి.

గైడ్‌గారు కంగారుపడ్డారు. "ఆవిడ క్వాలిఫికేషన్ ఏంటండీ?"

"ఏడో తరగతి తప్పారండీ."

"మరి?"

"యాప్ ఆ ఏడో తరగతి కూడా చదవలేదు కదండీ."

పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష కూడా ఆన్‌లైన్‌లోనే జరిగింది. గుర్తులు సరిచూసిన నిపుణులెవరని పరీక్షకులు అడిగారు. మా హాస్టల్ వంటావిడ అని ఉన్నమాట చెప్పేశాను. నెట్ పోయిందేమోనని, "వినపడుతోందాండీ?" అని రెండుసార్లు అరిచాను. అప్పుడు ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "ఆవిడ నంబరిస్తారా? మా స్టూడెంట్‌దీ ఇదే పనండీ," అన్నారు.

వెళ్లి చెబితే, ఆవిడ పప్పు కలుపుతూనే ఆలోచించారు.

"వారమంతా రెండొందల మందికి వండాలండీ. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ, అప్పుడు ఫోన్ చేయమనండి."