మా తోడల్లుడు మేస్త్రీ అయిన ఏడు

అరవవాళ్ళ వానల నెల ఐప్పసిలో మొదటి శుక్రవారం, పొద్దున పది గంటలు. నేను విరుదునగరంలో ఒక నూలు వ్యాపారి గోదాములో కట్టలు మోస్తున్న రోజులవి. వాన కాస్త తెరిపి ఇచ్చిన వేళ వాకిట్లో ఒక ఎద్దుబండి ఆగింది. అందులోంచి మా తోడల్లుడు దిగాడు. నా భార్య చెల్లెలి మొగుడు, నాకంటే చిన్నవాడు. ఒంటి మీద కోటు, చేతిలో కొత్త గొడుగు. కోవిల్‌పట్టిలో మేమిద్దరం పని చేసిన నూలు మిల్లులో వాడిప్పుడు పనివాళ్ళ మీద మేస్త్రీ. నన్ను ఆ మిల్లు రెండు నెలల కిందట, ఆడి నెలలోనే ఇంటికి పంపేసింది. ముందు గొడుగును చూశాను, తర్వాతే మనిషిని చూశాను.

ఎందుకు పంపిందో చెబుతాను. కోవిల్‌పట్టిలో ఆడికి ముందు నెల నుంచి ఆడి ఆఖరు దాకా పడమటి గాలి. నల్లరేగడి దుమ్మును ఎత్తుకొచ్చి కిటికీల్లోంచి కొడుతుంది. ఆ పొడి గాలికి నూలు పెళుసెక్కి, వడికే ఫ్రేము మీద దారాలు ఒకదాని వెనక ఒకటి తెగుతాయి. నా ఫ్రేము పడమటి కిటికీ పక్కన. వాడిది తూర్పు గోడ చాటున. గాలి వాడి దాకా పోయేదే కాదు. మిల్లు మొదలైనప్పటి నుంచి మాలో ఒక వాడుక ఉండేది. ఆ గాలి మొదలైతే తూర్పు వరసవాళ్ళు తమ ఫ్రేము కుదురుగా నడుస్తున్నప్పుడల్లా పడమటికి వచ్చి మా తెగిన దారాలు అతికి పోయేవారు. వానాకాలంలో తూర్పు గోడ చెమ్మెక్కి వాళ్ళ రోలర్లకు దూది చుట్టుకుంటే మేము వెళ్ళి తీసేవాళ్ళం. ఇది ఎవరూ పెట్టిన కట్టడి కాదు, దానికొక పేరు కూడా లేదు.

ఆ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. గేటు లోపల ఒక నల్ల బోర్డు పెట్టించాడు. నెలనెలా ఎవరి ఫ్రేము నూలు ఎంత తూగిందో చూసి, పేర్లు పైనుంచి కిందికి రాయించేవాడు. పైన నిలిచినవాడికి మేస్త్రీ పదవి. వరసగా రెండు నెలలు అడుగున పడినవాడు ఇంటికి. మనుషులు ఒకరి మీద ఒకరు పోటీ పడితే మిల్లు బాగుపడుతుందని ఆయన నమ్మకం. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. నలభై దాటాక నేర్చుకున్నాను, మొదట అరవం, తర్వాత తెలుగు. అయినా ఆ బోర్డు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. అందరూ నా ముఖం వంక చూశారంటే అడుగున ఉన్నది నేనే.

మొదటిసారి అడుగున పడ్డ రోజు మా ఆవిడ నాకు సంగటి పెడుతూ అడిగింది.

"ఏమయ్యా, మా చెల్లి మొగుణ్ణి రవ్వంత సేపు వచ్చి చెయ్యెయ్యమంటే ఏమి పోతాది?"

"వాడికి కండ్లు లేవా? తెలీదా?"

"అడగనిదే ఎవురొస్తారు? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా నీకు?"

నేను అడగలేదు. వాడూ రాలేదు. వస్తే వాడి తూకం తగ్గుతుంది. ఆ ఏడు ఎవరూ ఎవరి దగ్గరికీ రాలేదు. దారం తెగితే సన్నగా, ఓపికగా అతకడం పోయింది. ఇంత దూది పెట్టి నలిపి వదిలేసేవారు. కొందరు తూకం కోసం నూలు మీద నీళ్ళు చిలకరించేవారు. మా తోడల్లుడు చిలకరించలేదు. చిలకరించి ఉంటే నాకెంతో హాయిగా ఉండేది. వాడి చెయ్యి మంచి చెయ్యే. కానీ వాణ్ణి బోర్డు మీద పైన నిలబెట్టింది ఆ చెయ్యి కాదు, తూర్పు గోడ. ఈ మాట మేనేజరుకు కూడా చెప్పాను. గాలి పేరు కూడా బోర్డు మీద రాయించమంటావా అని ఆయన నవ్వాడు.

ఆడి ఆఖరున ఒకే ఉదయం వాడు మేస్త్రీ అయ్యాడు, నేను ఇంటికొచ్చాను. ఆ మధ్యాహ్నం మా అత్త ఇద్దరు అల్లుళ్ళనూ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. వాడి ఆకులో ధారగా పడిన నెయ్యి నా ఆకులోకి వచ్చేసరికి బొట్లయింది. నేను పొరబడలేదు, ఆ గరిటెనే చూస్తూ కూర్చున్నాను. వారం తిరక్కుండా రైలెక్కి విరుదునగరం వచ్చేశాను.

ఇక ఆ శుక్రవారం సంగతి. మా మిల్లు నూలు తిరిగొచ్చింది. అరుప్పుకోట్టై నుంచి ఒక ముసలి నేతగాడు కొన్న నూలు చుట్టలు, చిలపలన్నీ తెచ్చి గోదాము గచ్చు మీద పడేశాడు. అది చూడటానికే మిల్లు మా తోడల్లుణ్ణి పంపింది. ముసలాయన ఒక చిలప విప్పి దారం లాగాడు. బెత్తెడు బెత్తెడుకు ఒక బొడిపె.

"ఇది నూలా అప్పా, రుద్రాక్ష మాలా? ఇంకోటి ఎత్తి వాసన చూడు. బూజు. దీన్ని నేసి నేనెవురికి కట్టేది?"

గోదాము షావుకారు అందుకున్నాడు.

"ముందంతా కట్ట మీద మీ మిల్లు చీటీ చూసి కొనేవాళ్ళు. ఇప్పుడు ఆ చీటీ చూసే వద్దంటా ఉండారు."

కట్టలు బండికెత్తమని నన్ను పిలిచారు. వాడు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, బోర్డు తీసేసినారు. పడమటి ఫ్రేములకు చెయ్యి తెలిసినోళ్ళు లేరు. ఉన్నోళ్ళనంతా ఇంటికి పంపినారు గదా. నిన్ను పిలుచుకుని రమ్మన్నాడు మేనేజరు."

"ఎవురి కింద?"

"నా కిందనే."

"పొద్దున్నే దండం నీకు పెట్టాల్నా, కోటుకు పెట్టాల్నా?"

బండివాడు పక్కకు తిరిగి నవ్వాడు. వాడు నవ్వలేదు.

"కోటు కావాలంటే నువ్వే తీసుకో అన్నా. నాకీ పని చేతగాదు. ఎవురి దారం తెగినా నేనే ఉరికి అతుకుతా ఉండా. ఒకర్ని తిట్టేదానికి నోరు రాదు. నా ఫ్రేము నాకిచ్చేయమని అడిగినా. మేస్త్రీ అయినోడు కిందికి దిగేది లేదు, దిగితే గేటు బయటికే అన్నాడు మేనేజరు."

"నీ ఫ్రేము ఇప్పుడెవురు చూస్తా ఉండారు?"

"కొత్తోడు ఒకడు. బోర్డు తీసేసే ముందు నెల వాడే పైన."

తూర్పు గోడ గురించి నేను అన్నదే నిజమైంది. అయితే ఏం, కోటు వాడి ఒంటి మీదే ఉంది. వాడి అవస్థ విన్నాక ఇంకొకడైతే జాలి పడేవాడు. నాకు జాలి రాలేదు. ఆ మేస్త్రీతనం నాకిచ్చి ఉంటే నేనూ అలాగే చేతగాక తిప్పలు పడేవాణ్ణేమో. ఆ తిప్పలు కూడా వాడివి కాకుండా నావై ఉంటే బాగుండుననిపించింది.

"ముందు మాదిరి నువ్వు తూర్పున, నేను పడమట అంటే రేపే వస్తా. నీ కింద అంటే రాను."

"అది నా చేతిలో లేదు గదన్నా."

"రాకుండా ఉండేది నా చేతిలో ఉండాది."

వాడు గొడుగు విప్పుకుని స్టేషను దారి పట్టాడు. ఆ మిల్లు నూలుకు పాత పేరు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. బోర్డు దించడం ఒక పూట పని. పడమటి గాలిలో దారం అతికే వేళ్ళు తయారు కావడం అలాంటిది కాదు. నా వేళ్ళు మాత్రం విరుదునగరంలో కట్టలు మోస్తూ మొద్దుబారిపోయాయి.

వాడు నా కాళ్ళు పట్టుకున్నాడని మావాళ్ళలో కొందరూ, నేనే వాణ్ణి పని అడిగానని అత్తవారి వైపు కొందరూ చెప్పుకుంటారు. రెండూ జరగలేదు, చూసినవాళ్ళున్నారు. ఆ పొద్దున అక్కడున్నది గోదాము షావుకారు, ఆయన గుమాస్తా, అరుప్పుకోట్టై ముసలి నేతగాడు, బండివాడు, నాతో కట్టలు మోసే అన్నదమ్ములిద్దరు, మా తోడల్లుడు, నేను.