ఎదురుకాళ్ల పెద్దమ్మ

ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర మా రైల్వే క్వార్టర్ల లైనంతటికీ పెద్దమ్మ అయినావిడ మొన్న మంగళవారం పోయింది. డ్యూటీ దిగి వస్తుంటే పక్కింటి బెంగాలీ దాదా సైకిలు ఆపి చెప్పాడు. ఆయనా ఆవిడ చేత నడుము తొక్కించుకున్నవాడే, లైనంతా వినిపించేలా అరుస్తూ. ఆ మాట విన్నాక నాకు ఇంటి తాళం తియ్యబుద్ధి కాలేదు.

ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి, పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా శ్రీకాకుళం వైపు నమ్మకం. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. పెద్దమ్మ అలా పుట్టింది. వర్క్‌షాపులో బరువులెత్తి నడుము పట్టేసినవాళ్లంతా ఆదివారం పొద్దున్నే ఆవిడ వరండాలో బోర్లా పడుకునేవాళ్లు. గోడ పట్టుకుని మడమతో మెల్లగా నొక్కేది. అయ్యాక, కాలు తగిలించినందుకు, వంగి మన వీపు ముట్టుకుని కళ్లకద్దుకునేది. ఎవరైనా అరటిపళ్లు తెస్తే కసిరేది.

"కాలికి కూలేటి? అట్టుకుపో."

నా భార్య పోయిన మరుసటేడు, ఇంజను సామాను ఎత్తబోయి కూలబడ్డాను. డాక్టరు పడుకుని ఉండమన్నాడు. తగ్గకపోతే కలకత్తాలో ఆపరేషన్ అన్నాడు. మంచివాడే. కానీ నెలల తరబడి జీతం లేని సెలవు, కనిపెట్టుకుని ఉండే మనిషి లేదు, ఆ తర్వాత ఫిట్టరు పని ఉంటుందో ఊడుతుందో. ఆ పని తప్ప ఈ ఊళ్లో నాకు మిగిలిందేమీ లేదు. గోడలు పట్టుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను.

"కాలు గానీ మొద్దుబారిందేటి?"

"లేదు పెద్దమ్మా."

"నిజిం సెప్పు బాబూ. మొద్దుబారితే నాను కాలెట్టను, ఆస్పత్రికే ఎల్లాల. నాను తొక్కీది పట్టు ఒదల్డానికి. ఇరిగిందాన్ని అతకడానికి కాదు."

ఖరిదా పేట నుంచి కాలు మొద్దుబారి వచ్చిన ఒకతన్ని అలాగే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి పంపేసింది కూడా.

ఆ చలికాలమంతా తొక్కింది. మళ్లీ పనిలోకి వెళ్లాను. ఆవిడ కాలి వల్ల తగ్గిందో, పడుకున్నందుకు తగ్గిందో నాకు తెలీదు. తగ్గాక కూడా ఆదివారం ఆదివారం వెళ్తూనే ఉన్నాను. నొప్పి లేదని ఆవిడకీ తెలుసు. భార్య పోయాక ఈ ఒంటిని ప్రేమగా తాకింది ఆ పాదం ఒక్కటే. నేను వెళ్లగానే ఆవిడ "పడుకో బాబూ," అనేది, అంతే.

ఆఖరి ఏడాది ఆ పట్టు ఆవిడకే వచ్చింది.

"మీకందరికీ నానున్నాను. నాకెవులున్నారు బాబూ?" అని నవ్వింది.

చుట్టుపక్కల లైన్లన్నీ వెతికాం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఆస్పత్రి మాత్రలతో వెళ్లదీసింది. ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టడం తప్ప నాకేమీ చేతకాలేదు.

ఈ ఆదివారం పొద్దున్న అలవాటుగా అటే నడిచాను. తలుపుకి తాళం. వరండాలో ఎవరూ లేరు. అయినా గచ్చు మీద బోర్లా పడుకున్నాను. ఎండ మెల్లగా వీపు మీదికి ఎక్కేదాకా లేవలేదు.