సంతోషమైనవే చెప్పాలట

అమ్మ పోయినప్పటి నుంచి బాపు మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. టీవీ ముందు కూర్చుంటాడు గానీ చూడడు. పాత సంగతులు చెప్పిస్తే మనసు తేలికపడుతుంది, పంజాగుట్టలో పెద్దవాళ్ల చేత అలా మాట్లాడించే చోటొకటి ఉంది, తీసుకెళ్లమన్నాడు డాక్టరు. సరేనని ప్రతి శనివారం మధురానగర్ నుంచి ఆటోలో ఈయన్ని లాక్కుపోతున్నాను. అమీర్‌పేట దాటేసరికే నా ప్రాణం తోకకొస్తుంది.

అక్కడేమో ఎడ్లబండి బొమ్మలు, రోలు, ఇత్తడి చెంబులు ముందు పెడతారు. వాటిని చూసి అందరూ ఏదో ఒకటి చెబుతారు. మా బాపు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు.

బాపు ఒకప్పుడు మగ్గం నేసేవాడని నా దగ్గర విని, మొన్న అక్కడి కౌన్సెలర్ అమ్మాయి ఎక్కడి నుంచో ఒక నాడె తెచ్చింది. మగ్గంలో దారంతో అటూ ఇటూ పరిగెత్తే చెక్క నాడె. "బాబాయ్ గారూ, ఆ రోజులు ఎంత బాగుండేవో చెప్పండి" అంటూ చేతిలో పెట్టింది.

బాపు మొహం ఎర్రబడింది.

"ఏం మంచిగుంటయమ్మా? గుంత మగ్గం మాది. పొద్దుందాక గుంతల కాళ్లు పెట్టుకొని కూసునుడే. నడుము పోయింది, మోకాళ్లు పోయినయ్. ఒకనాడైతే..."

ఎన్ని నెలలకు ఇన్ని మాటలు!

"అయ్యో, బాధపెట్టేవి వద్దండీ. సంతోషమైనవే చెప్పుకుందాం" అంది ఆ పిల్ల నవ్వుతూ. బాపు నాడెను బల్ల మీద పెట్టేసి నోరు మూసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "చెప్పనియ్యమ్మా! గిన్ని దినాలకు నోరు తెరిస్తే మూయిస్తవా?" అని అరిచాను. అందరూ నా వైపే చూశారు. ఏం లాభం, అప్పటికే ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోయింది. చుట్టూ హారన్ల మోత. "వచ్చే వారం సంది నేను తోల్కపోను బాపూ. నాతోని గాదు" అని విసుక్కున్నాను.

ఆయన బయటికే చూస్తూ, "గా గుంతలకెల్లి నన్ను లేపింది మీ అమ్మనే బిడ్డా" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"నేసింది చాలు, లే అన్నది. చెయ్యి వట్టి లేపింది. పట్నం తోల్కొచ్చి కుట్టుమిషన్ మీద కూసోవెట్టింది. నేను జాకెట్లు కుడితే హుక్కులు ఆమెనే కుట్టేది. ఇప్పుడెవరు లేపుతరు?"

నేను వారం వారం తిట్టిపోసే ఆ దిక్కుమాలిన సిగ్నల్, సరిగ్గా అప్పుడే పచ్చబడింది.

"అన్నా, జర మెల్లగ పోనియ్యి" అన్నాను డ్రైవర్‌తో.