సంచి తొక్కని సారు

ఇది తొంభై అయిదు జనవరిలో ఒక శుక్రవారం, సాయంత్రం నాలుగున్నరకు జరిగింది. నిన్న నిజామాబాదులో కొత్త చెప్పులు తొడిగి చూస్తుంటే, ఆ తోలు వాసనకు రామోన్ గుర్తొచ్చాడు. బేస్‌బాల్ గ్లోవు వాసన అది. రామోన్ ఫిలిప్పీన్స్ మనిషి, ఖతర్‌లో మా సైటు ఫోర్‌మన్. మా క్యాంపు దగ్గరి మెసైమీర్ అనే చోటికి అవతల ఖాళీ నేలలో, మెస్సు బియ్యం సంచుల్లో ఇసుక నింపి నాలుగు మూలలా పెట్టి ఆ ఆట ఆడించేవాడు. ఆఫీసు జట్టు, సైటు జట్టు. దేనికీ పనికిరాని నన్ను రెండో సంచి దగ్గర అంపైరుగా నిలబెట్టాడు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. రూలు నోటితోనే నేర్పాడు. బంతి కొట్టినవాడు ప్రతి సంచినీ తొక్కుతూ చుట్టి రావాలి. ఒకటి తొక్కకపోతే, అంపైరు చూసినా నోరు విప్పకూడదు. అవతలి జట్టువాడు బంతితో వచ్చి, ఆ సంచి మీద కాలు పెట్టి అడగాలి. అందరూ మైదానం గీత దాటిపోయేలోపు అడగకపోతే ఆ పరుగు చెల్లినట్టే.

"దొంగను చూసి ఊకుండుడేంది భాయ్?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

"పూఛా నహీ, ఖామోష్. పూఛా, తో ఝూట్ మాఫీ," అన్నాడు. అడగకపోతే మూసుకో, అడిగితే అబద్ధం వద్దు; మాఫీ అంటే అక్కడి అరబ్బీలో లేదు అని.

మా క్యాంప్ బాస్ ప్రసాద్ సారు గుంటూరు మనిషి, ఆఫీసు జట్టు. నా లీవు ఆయన చేతిలో ఉంది. నేను వచ్చేశాక పుట్టిన కొడుకును ఇంకా చూడలేదు. "వచ్చే వారం పంపిస్తాలే లింగన్నా" అని ఆ పొద్దునే అన్నాడు. ఆఖర్లో ఆయన కొట్టిన బంతి నీళ్ల ట్యాంకరు కిందికి దొర్లింది. పరుగెత్తుతూ నా కళ్ల ముందే రెండో సంచిని తొక్కకుండా దాటేశాడు. చుట్టి వచ్చాడు. ఆఫీసు గెలిచిందని ఈలలు.

సైటువాళ్లు తలలు దించుకుని గీత వైపు నడిచారు. దాటండి, జల్ది దాటండి అనుకున్నాను. ఒక్కొక్కరే దాటారు. నేపాలీ వెల్డరు బహదూర్ ఒక్కడు ఆగాడు. బంతితో వెనక్కొచ్చి, సంచి మీద కాలు పెట్టి, "సాబ్ నే ఇస్కో ఛువా క్యా, భాయ్?" అన్నాడు, సారు దీన్ని తొక్కాడా అని.

రామోన్ కూడా వచ్చాడు. "మై నహీ దేఖా. తుమ్ బోలో," అన్నాడు. తను చూడలేదట, నన్నే చెప్పమన్నాడు.

ప్రసాద్ సారు నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు. "చెప్పవయ్యా, తొక్కానుగా! పెట్టె సర్దుకోవా ఏంటి?"

"తొక్కలే సారూ," అని పిడికిలి లేపాను. ఔట్.

"ఓహో. అయితే ఇక్కడే ఉండి అంపైరింగ్ చేసుకో," అన్నాడు.

లీవు ఎండలు పోయాక గానీ రాలేదు. కొడుకు వాళ్లమ్మ వెనక దాక్కుని నన్ను "మామా" అన్నాడు. రామోన్ మెచ్చుకోనూ లేదు, ఓదార్చనూ లేదు. పై శుక్రవారం నన్ను మళ్లీ అక్కడే నిలబెట్టాడు.

ఇప్పుడు ఊళ్లో పంచాయితీకి పిలిస్తే, అడిగేదాకా పలకను. అడిగాక ఎవరి మొహమూ చూడను. చుట్టాలు తగ్గారు, తగ్గనీ. ఆ పూట ఆ సంచి చుట్టూ నిలబడింది నలుగురం: బహదూర్, ప్రసాద్ సారు, రామోన్, లింగన్న అనే నేను.